వార్తలు నేర్పిన ఇంగ్లీషు

మన బడి వరండాలో హెడ్మాస్టరు గది పక్కన ఒక నల్లబోర్డు ఉండేది. దాని నెత్తిన తెల్ల పెయింటుతో ‘నేటి వార్తలు’ అని రాసి ఉండేది. రోజుకొకరం ముందే వచ్చి, పేపరు చూసి, తెలుగులో ఐదు వార్తలు, ఇంగ్లీషులో రెండు వార్తలు దాని మీద రాయాలి. ప్రార్థన అయ్యాక చదవాలి. ఇంగ్లీషు వార్తకు తెలుగులో అర్థం కూడా చెప్పాలి. 1980ల మొదట్లో చదివిన వాళ్లెవరికీ ఇది మరిచిపోయే సంగతి కాదు. బోర్డు వంతు వచ్చిన రోజు కడుపునొప్పి వచ్చినవాళ్లు మా క్లాసులో కనీసం నలుగురున్నారు. పేర్లు రాయను, ఈ సంచిక వాళ్ల చేతికీ వస్తుంది.

నా వంతు 1984 ఆగస్టులో వచ్చింది. అప్పుడు పదో తరగతి. ఆగస్టు 16న ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. జనగామ బస్టాండులో, చాయ్ హోటళ్లలో, రైలు గేటు దగ్గర ఒకటే మాట, మెజారిటీ. ఎవరికి ఉంది, ఎవరికి లేదు. ఆ రోజు పేపర్లో ముఖ్యమంత్రి ‘క్లెయిమ్స్ మెజారిటీ’ అని పెద్దక్షరాల్లో ఉంది. నేను గుండ్రంగా బోర్డు మీద రాసి, ప్రార్థన తర్వాత గట్టిగా చదివి, "ముఖ్యమంత్రికి మెజారిటీ ఉంది" అని అర్థం చెప్పాను.

వెనక నుంచి మన ఇంగ్లీషు సారు అడిగారు: "ఉన్నదా, ఉన్నదంటున్నడా?"

పిల్లలంతా నవ్వారు. నాకేమీ అర్థం కాలేదు. సారే ముందుకొచ్చి, సుద్దముక్కతో ‘క్లెయిమ్స్’ కింద గీత గీసి, "ఉండుడు వేరు బిడ్డా, ఉన్నదని చెప్పుకునుడు వేరు. పేపరాయన రెండోది రాసిండు, నువ్వు మొదటిది చదివినవ్" అన్నారు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సారు ఆ రోజు నన్ను పిలిచి ఏమీ అనలేదు, బోర్డు వైపు చూసి కొంచెం నవ్వారంతే.

ఆ సుద్దగీత గురించే ఈ వ్యాసం. మన సంఘం పుట్టినప్పుడు నేను పలక పట్టుకున్నవాణ్ని. ఇప్పుడు యాభై ఏళ్ల సంచికకు రాయమన్నారు. ఇంజనీరును, చరిత్రకారుణ్ని కాను. కానీ జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఈ మూడు చోట్లా బతికినవాడిగా ఒక సంగతి గమనించాను. మన వైపు ఇంగ్లీషు బడి కన్నా ముందు వార్తల్లోంచి వచ్చింది. ఒక్కో సంఘటన ఒక్కో మాటను ఊళ్లో దింపి పోయింది. అయితే వచ్చినవన్నీ పేర్లు, మన వ్యాకరణం పుస్తకం భాషలో నామవాచకాలు. క్రియలు రాలేదు. దానివల్ల మనం చాలాసార్లు నష్టపోయాం.

మా తాతకు సంతకం కూడా రాదు, వేలిముద్రే. కానీ ఆయనకు ఇంగ్లీషు మాటలు చాలా వచ్చు. రేషన్ దుకాణాన్ని ఆయన ఏనాడూ రేషన్ దుకాణం అనలేదు, ‘కంట్రోల్’ అనేవాడు. కంట్రోల్ బియ్యం, కంట్రోల్ చక్కెర. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ధరల మీద, సరుకుల మీద సర్కారు పెట్టిన కట్టడి పేరు అది. యుద్ధం పోయింది, నిజాం పోయాడు, మాట మాత్రం ఇప్పటికీ మన ఊళ్లలో ఉంది. అదే యుద్ధం తెచ్చిన ఇంకో మాట ‘లెవీ’. పండిన పంటలో ఇంత అని సర్కారుకు కొలవాలి. పెద్ద దొరలు తప్పించుకునేవాళ్లు, చిన్న రైతు గింజలు ఊడ్చుకుపోయేవాళ్లు. లెవీ గల్ల అనే ఆ జంటలో మొదటిది ఇంగ్లీషు, రెండోది ఉర్దూ. పండించిన వాడిది తెలుగు. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న మన జనగామ తాలూకాలో, విసునూరు దేశ్‌ముఖ్ ఇలాకాలో, వెట్టి, భూమి గొడవలకు ఈ లెవీ కూడా తోడై సంఘం పుట్టింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆ కథ మీకందరికీ తెలుసు. నేను చెప్పేదల్లా, ‘లెవీ’ అన్న మాటను మన రైతులు ఏ డిక్షనరీలోనూ చూసి నేర్చుకోలేదని.

ఆ తర్వాత వచ్చింది ‘పోలీస్ యాక్షన్’. మన ముసలివాళ్లకు అదే కాలమానం. "పోలీస్ యాక్షన్ నాటికి మీ నాయిన పాలు తాగుతుండె" అనేది నాయనమ్మ. 1948 సెప్టెంబర్ 13న మొదలై ఐదు రోజుల్లో అయిపోయిన సైనిక చర్య అది. ట్యాంకులొచ్చాయి, విమానాలొచ్చాయి, వచ్చింది మిలిట్రీ. మరి పోలీస్ అని ఎందుకన్నారు? నాకు ఈ అనుమానం ఉద్యోగంలో చేరాక వచ్చింది. యుద్ధమంటే అది రెండు దేశాల మధ్య సంగతి అవుతుంది. పోలీసులు పోయారంటే మన ఇంటి గొడవ మనం సర్దుకున్నట్టు. ఈ ఎత్తు మన ఢిల్లీ వాళ్ల ఒక్కరిదే కాదు. 1947లో, మళ్లీ 1948లో, డచ్చివాళ్లు ఇండోనేషియా మీదికి సైన్యాన్ని పంపి దానికీ పోలీసు చర్యలనే పేరు పెట్టారు. 1950లో కొరియాలో యుద్ధం మొదలైతే, ఇది పోలీస్ యాక్షన్ అనవచ్చా అని ఒక విలేకరి అడిగినప్పుడు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ అవునన్నాడు. ఎక్కడెక్కడో రాజధానుల్లో ఆలోచించి పెట్టిన మాట కడవెండి, పాలకుర్తి ముసలమ్మల నోళ్లలో పుట్టినరోజుల లెక్క అయి కూర్చుంది.

ఇక్కడిదాకా ఇంగ్లీషు రాకపోతే మనకు పోయిందేమీ లేదు. పోవడం ఆ తర్వాత మొదలైంది. నిజాం కాలంలో పై చదువు ఉర్దూలో. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో సైన్సు, న్యాయశాస్త్రం కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్లు. 1948 తర్వాత కచేరీ భాష ఇంగ్లీషుకు మారింది. ఉర్దూలో డిగ్రీ చదివిన మనవాళ్లు రాత్రికి రాత్రి చదువురానివాళ్లయ్యారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లు మద్రాసు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చారు. స్థానికులకే ఉద్యోగాలివ్వాలన్న ముల్కీ నిబంధన కాగితం మీద ఉంది, అమలులో లేదు. 1952 జులై చివర్లో దీని మీద గొడవ మొదట లేచింది మన వరంగల్‌లోనే, విద్యార్థుల్లో. సెప్టెంబరులో హైదరాబాదుకు పాకి సిటీ కాలేజీ దగ్గర కాల్పుల దాకా పోయింది. ఆ ఉద్యమం నినాదం మీకు తెలుసు: ‘నాన్ ముల్కీ గో బ్యాక్’.

నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఆ నినాదమే. ఇంగ్లీషు రాదని ఉద్యోగాలు పోయిన చోట, పిల్లలు పెట్టుకున్న నినాదం ఇంగ్లీషు! నాన్ ఇంగ్లీషు, ముల్కీ ఉర్దూ, గో బ్యాక్ మళ్లీ ఇంగ్లీషు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు దేశమంతా పేపర్లలో మోగిన ‘గో బ్యాక్’ ఇరవై నాలుగేళ్లు ఆగి హనుమకొండ వీధుల్లోకి వచ్చింది. ఒక్కటి గమనించండి, వార్తల్లోంచి మనకు దొరికిన మొదటి క్రియ బహుశా ఇదే. ఆ 1952 ఉద్యమంలో విద్యార్థిగా తిరిగిన అక్కంపేట కొత్తపల్లి జయశంకర్ తర్వాత రోజుల్లో హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్రీయ సంస్థకు, సీఫెల్‌కు, రిజిస్ట్రారయ్యారు. ఆ పైన కాకతీయ యూనివర్సిటీ వైస్ చాన్సలరయ్యారు. భూపాలపల్లి జిల్లాకు ముందున్నది ఆయన పేరే.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు సంతకాలు పెట్టుకున్నారు. ఇంగ్లీషులో దాన్ని ‘జెంటిల్‌మెన్స్ అగ్రిమెంట్’ అన్నారు, మనం ‘పెద్దమనుషుల ఒప్పందం’ అన్నాం. మాటకు మాట పెడితే ఆ అనువాదం తప్పు కాదు. కానీ మన ఊళ్లో పెద్దమనుషులు చెప్పిందంటే దాటరానిది. గట్టు పంచాయితీ అయినా, అన్నదమ్ముల పంపకం అయినా పెద్దమనుషుల మాట తప్పినవాడికి మర్నాటి నుంచి ఊళ్లో ముఖం చెల్లదు. ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం దాదాపు తలకిందులు. పరువు మీద నడిచే ఒప్పందమే తప్ప కోర్టుకు పట్టుకుపోయేది కాదని. మనవాళ్లు తెలుగు అర్థాన్ని నమ్ముకున్నారు, జరిగింది ఇంగ్లీషు అర్థం. 1969లో ‘సేఫ్‌గార్డ్స్’, ఆ తర్వాత ‘సిక్స్ పాయింట్ ఫార్ములా’, ‘జోన్’, ‘లోకల్ కాండిడేట్’, ‘సిక్స్ టెన్ జీవో’, ఇవన్నీ ఆ ఒక్క తేడాలోంచి పుట్టిన మాటలనే నా అభిప్రాయం. మన జిల్లాలో పదో తరగతి తప్పినవాడికి కూడా ఐదో జోన్‌లో ఏయే జిల్లాలున్నాయో తెలుసు.

మా తరానికి మాటలు ఇంకా వేగంగా వచ్చిపడ్డాయి. ‘ఎమర్జెన్సీ’ పేరుకు మాత్రమే గుర్తు, చిన్నవాళ్లం. ‘స్కైలాబ్’ బాగా గుర్తు. 1979 జులై, నాకు పదేళ్లు. అమెరికా వాళ్ల 77 టన్నుల ఇనుప ఇల్లు ఆకాశం నుంచి పడుతుందని, ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదని రేడియో చెప్పింది. ఎట్లాగూ పోతాం కదా అని మా వాడకట్టులో కోళ్లన్నీ కోసుకు తిన్నారు. 11న అది హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి కొసన పడింది. మనకు కోళ్లు లేకుండా పోయాయి. స్కైలాబ్ అనే పేరున్న మనుషులు మాత్రం తెలంగాణలో మిగిలారు.

ఇంకో మాట ‘ఎన్‌కౌంటర్’. ఎనభైల్లో, తొంభైల్లో మన జిల్లాలో పెరిగినవాళ్లకు దానికి ఒకటే అర్థం. చెప్పనక్కర్లేదు. ఇంజనీరింగు మొదటి ఏడాది ఒక పాఠ్యపుస్తకంలో ‘డ్రిల్లింగులో ఎన్‌కౌంటర్ అయ్యే సమస్యలు’ అనే శీర్షిక చూసి ఒక్క క్షణం చెయ్యి ఆగిపోయింది. ఎదురుపడడమనే మామూలు క్రియ అది. మాకు దాన్ని క్రియగా ఎవరూ చెప్పలేదు. శవాల లెక్కతో వచ్చే పేరుగానే వచ్చింది.

మన సారు గొప్పతనం ఇక్కడే ఉంది. ఆయన మాకు పెద్ద పెద్ద మాటలు నేర్పలేదు, అవి ఎట్లాగూ వస్తాయనేవారు. బోర్డు మీద గీత ఎప్పుడూ చిన్న మాటల కింద, క్రియ కింద గీసేవారు. ఆ గీతల్లో కొన్ని ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. హెడింగులో ‘లీవ్స్’ అని ఉంటే పోతున్నాడని కాదు, పోయాడని, జరిగిపోయినదాన్ని పేపరు జరుగుతున్నట్టు రాస్తుంది. ‘పీఎం టు విజిట్’ అంటే రాబోతున్నాడని, ఆ ‘టు’లో రేపు ఉంది. ‘ఫైవ్ కిల్డ్’ అంటే ఐదుగురు చంపారని కాదు, చచ్చిపోయారని, నడుమ ‘వర్’ మింగేశారని. ఎమ్మెల్యేలు గవర్నర్‌ను ‘కాల్డ్ ఆన్’ అంటే ఫోను చేశారని కాదు, పోయి కలిశారని. ‘కాల్డ్ ఫర్’ అంటే కావాలన్నారని.

‘కాల్డ్ ఆఫ్’ను మాత్రం నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను. బస్సుల సమ్మె ఉంటుందని వారం నుంచి చెప్పుకుంటున్నారు. ఆ రోజు పేపర్లో ‘స్ట్రైక్ కాల్డ్ ఆఫ్’ అని కనపడింది. సమ్మెకు పిలుపిచ్చారనుకున్నాను. ఇంటికి పోయి రేపు బస్సుల్లేవని గట్టిగా చెప్పాను. పదో తరగతి పిల్లవాడు ఇంగ్లీషు పేపరు చదివి చెప్పాక ఇంట్లో అనుమానించేదెవరు? మర్నాడు పాలకుర్తి వైపు పెళ్లికి పోవాల్సిన మా మేనమామ ఆగిపోయాడు. పొద్దున్నే బస్సులన్నీ మా ఇంటి ముందు నుంచే పోయాయి. ఆయన చనిపోయేదాకా నన్ను ‘కాల్డాఫ్ అల్లుడు’ అనే పిలిచాడు.

రాత్రి తొమ్మిదింటికి రేడియోలో ఇంగ్లీషు వార్తలు వినమని సారు పురమాయించేవారు. లోతికా రత్నం, సురజిత్ సేన్ గొంతులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ‘ద న్యూస్ రెడ్ బై’ అని మొదలయ్యేది. ఆ ‘రెడ్’ ఎరుపు అని ఏడాది పాటు అనుకున్నాం. చదవడానికి రాసేటప్పుడు ఉండే అక్షరాలే చదివేశాక కూడా ఉంటాయని, పలకడమే మారుతుందని తెలిశాక మోసపోయినట్టనిపించింది. షార్ట్ వేవ్ పట్టుకుంటే వాయిస్ ఆఫ్ అమెరికాలో ‘స్పెషల్ ఇంగ్లీష్’ వచ్చేది. 1959లో మొదలుపెట్టిన కార్యక్రమం అది, ఇంచుమించు 1500 మాటలతోనే ప్రపంచ వార్తలన్నీ చెప్పేవాళ్లు, నెమ్మదిగా, ఒక వాక్యంలో ఒకే సంగతి. ఇంజనీరుగా నాకు అది ఇప్పుడు చాలా నచ్చే ఏర్పాటు. తక్కువ భాగాలతో నడిచే యంత్రం లాంటిది. చంద్రుడి మీదికి మనిషి పోయిన సంగతి నుంచి అంగోలా యుద్ధం దాకా చెప్పడానికి 1500 మాటలు చాలితే, మన పిల్లలకు రోజుకు పది కఠిన పదాలు బట్టీ పట్టించడం దేనికో నాకు తెలియదు. ఈ మధ్య ఫోన్లలో సంపాదకీయం నుంచి ఇవాళ్టి పది మాటలని చెప్పే పాఠాలు చూస్తుంటాను. జీవితంలో ఒక్కసారీ వాడని విశేషణాలన్నీ ఉంటాయి. ‘క్లెయిమ్’ ఉండదు.

ఇక ఆ క్రియలు పెద్దయ్యాక మా ముందు ఎట్లా నిలబడ్డాయో చెబుతాను.

2009లో నేను భూపాలపల్లి దగ్గర చెల్పూరులో, కాకతీయ థర్మల్ పవర్ ప్లాంటులో ఉన్నాను. 500 మెగావాట్ల మొదటి యూనిట్ పనులు నడుస్తున్నాయి. భూపాలపల్లి సింగరేణి ఊరు. అక్కడి ఇంగ్లీషు వేరే. ‘అన్‌ఫిట్’ అన్న మాట అక్కడ తిట్టు కాదు. డాక్టరు తండ్రిని అన్‌ఫిట్ చేస్తే కొడుక్కు ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ఇంటింటి సమస్య, ఏ ఎన్నికలప్పుడైనా పెద్ద వార్త. డిసెంబర్ 9 అర్ధరాత్రి ముందు కేంద్ర హోంమంత్రి చిదంబరం ఇంగ్లీషులో రెండు వాక్యాలు చదివారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పాటు చేసే ప్రక్రియ ‘విల్ బి ఇనిషియేటెడ్’ అని, తగిన తీర్మానం శాసనసభలో ‘విల్ బి మూవ్డ్’ అని. టపాకాయలు తెల్లారేదాకా కాల్చారు. నేనూ కాల్చాను.

పొద్దున చాయ్ హోటల్లో షిఫ్టు దిగిన ఒక బాయి కార్మికుడు పేపరు నా ముందు పెట్టి అడిగాడు: "సారూ, ఇనిషియేట్ అంటే ఇచ్చినట్టా, ఇస్తమన్నట్టా?"

నాకు నల్లబోర్డు ముందు నిలబడ్డట్టయింది. "మొదలుపెడతరట" అన్నాను.

"ఎవరు?"

మళ్లీ చదివాను. అక్కడ ఎవరూ లేరు. బడిలో యాక్టివ్ వాయిస్ నుంచి పాసివ్ వాయిస్‌కు మార్చే లెక్కలు వందలు చేశాం, రాముడు ఉత్తరం రాశాడు, ఉత్తరం రాముడి చేత రాయబడింది. ‘బై’ తర్వాత రాముణ్ని వదిలేసినా తప్పు కాదని సారు చెబితే మార్కులు మిగిలాయని సంతోషించాం. ఆ రాముణ్ని వదిలేయడం ఎంత పని చేస్తుందో ఆ రోజు చాయ్ హోటల్లో తెలిసింది. డిసెంబర్ 23న రెండో ప్రకటన వచ్చింది, విస్తృత ‘కన్సల్టేషన్స్’ అని. ఆ తర్వాత శ్రీకృష్ణ కమిటీ, ఆరు ‘ఆప్షన్లు’. భూపాలపల్లి ఆటో స్టాండులో ఐదో ఆప్షన్ మేలా ఆరో ఆప్షన్ మేలా అని వాదించుకున్న మనుషులను చూశాను. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. ‘ఆర్టికల్ త్రీ’ అంటే ఏమిటో వాళ్లకు కొందరు వకీళ్ల కన్నా బాగా తెలుసు. ఇనిషియేట్ చేయబడిన పని 2014 జూన్ 2న పూర్తయింది. ఆ రోజుకు చట్టం పెట్టిన పేరు ‘అపాయింటెడ్ డే’.

అదే చట్టంలో ఇంకో క్రియ ఉంది, దాన్ని నేను మా అక్క ఊళ్లో చూశాను. అక్కను మానుకోట అవతల గూడూరు వైపు ఇచ్చారు. ఆ తండాల్లో, గూడేల్లో ‘వన్ ఆఫ్ సెవెంటీ’ తెలియని మనిషి లేడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లో తెచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్ అది. అక్షరం రాని పెద్దాయన కూడా "వన్ ఆఫ్ సెవెంటీ ఉన్నది, కొనరాదు" అని తేల్చేస్తాడు. మాట వెంట ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కూడా అంటుకుని వచ్చింది, అందుకే అది పని చేసే మాట. ఇప్పుడు బయ్యారం చూడండి. అక్కడ ఇనుప ఖనిజం ఉంది. విభజన చట్టంలో, 13వ షెడ్యూలులో, స్టీల్ ప్లాంటు గురించి ఒక వాక్యం ఉంది. ఊరూరా ‘స్టీల్ ప్లాంట్’ అనే మాట పాకింది. బావ వాళ్ల ఊళ్లో ప్లాంటు వస్తుందని పిల్లలను ఐటీఐలో వేసినవాళ్లున్నారు. ఒక సంక్రాంతికి పోయినప్పుడు ఆ కాగితం తీసి చదివాను. బయ్యారం అప్పటికి ఖమ్మం జిల్లాలో ఉంది కాబట్టి ఖమ్మం జిల్లా అని రాసి ఉంది. సెయిల్ ఆరు నెలల్లోగా అక్కడ ప్లాంటు పెట్టే సాధ్యాసాధ్యాలను ‘షల్ ఎగ్జామిన్’ అని. తప్పక పరిశీలించాలి. పెట్టాలి అని లేదు.

కాంట్రాక్టు కాగితాలతో బతికేవాణ్ని కాబట్టి ‘షల్’, ‘మే’ తేడా నాకు తెలియాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘మే’ అని ఉన్నచోట తప్పనిసరి అనుకుని, అవతలివాడు చేస్తాడని రెండు వారాలు ఎదురుచూసి, పై అధికారి చేత చీవాట్లు తిన్నాను. ఇక్కడ ‘షల్’ గట్టిగానే ఉంది. కానీ అది పట్టుకున్నది ‘ఎగ్జామిన్’ను. బావకు చెబితే నమ్మలేదు. "గంత పెద్ద చట్టంల ఉత్తగ చూస్తమని రాస్తరా?" అన్నాడు. ప్లాంటు రాలేదు. ఐటీఐ చదివిన పిల్లలు పట్నం పోయారు.

కరోనా ఏడాది కూడా కొన్ని మాటలిచ్చింది. ‘లాక్‌డౌన్’, ‘క్వారంటైన్’. ‘పాజిటివ్’ చెడ్డ మాట అయింది. మా అమ్మ ఫోన్లో "నెగెటివ్ వచ్చింది బిడ్డా, దేవుని దయ" అంది. దీని గురించి ఇంతకన్నా రాయబుద్ధి కావడం లేదు. మన బ్యాచ్‌లో ఇద్దరం తగ్గిపోయాం.

జనగామ సంగతి చెప్పి ముగిస్తాను. 2016 ఆగస్టు 22న కొత్త జిల్లాల ‘డ్రాఫ్ట్ నోటిఫికేషన్’ వచ్చింది. అందులో మహబూబాబాద్ ఉంది, భూపాలపల్లి ఉంది, జనగామ లేదు. నెల రోజుల్లోగా ‘అబ్జెక్షన్లు, సజెషన్లు’ చెప్పుకోవచ్చన్నారు. మీలో చాలామంది ఆ రోజుల్లో రోడ్ల మీద ఉన్నారు, నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. నేను శని, ఆదివారాలు వచ్చిపోయేవాణ్ని. మన క్లాసువాడి జిరాక్సు దుకాణంలో రోజంతా కాగితాలే. బ్యాంకు పక్కన కూర్చునే ఒక హమాలీ పెద్దాయన, డ్రాఫ్ట్ అంటే డీడీ అనుకుని, "ఎన్ని పైసలు కట్టాలె?" అని వచ్చాడు. డ్రాఫ్ట్ అంటే చిత్తు ప్రతి అని చెబితే, "చిత్తు అయితే కొట్టేసి రాయొచ్చు కదా" అన్నాడు. ఆ నెలలో నేను విన్న వాటిలో ఇంతకు మించిన న్యాయవాదం లేదు.

నలుగురం కూర్చుని ఇంగ్లీషులో ఒక అబ్జెక్షన్ రాశాం. పేజీన్నర వచ్చింది. రక్తం మరిగి ఉన్న రోజులు, మాటలు కూడా అట్లాగే పడ్డాయి. ‘కండెమ్’ మూడుసార్లు, ‘డిమాండ్’ నాలుగుసార్లు. పంపే ముందు సారుకు చూపిద్దామన్నాడు జిరాక్సు దుకాణంవాడు. సారు రిటైరై చాలా ఏళ్లయింది. చూపు మందగించింది. కాగితాన్ని కిటికీ వెలుతురుకు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తర్వాత ఎర్రపెన్ను అడిగారు.

"తిట్టుడంతా మంచిగున్నది. మీకేం కావాలె?"

"జిల్లా కావాలె సార్."

"అది యాడ రాసిన్రు?"

నలుగురం మళ్లీ చదివాం. జనగామకు జరిగిన అన్యాయం ఉంది, చరిత్ర ఉంది, కడవెండి ఉంది, రైలు, రోడ్డు దూరాలు కిలోమీటర్లతో సహా నేను రాశాను. జనగామ కేంద్రంగా జిల్లా ఏర్పాటు చేయమని అడిగే వాక్యం మాత్రం లేదు.

ఆయనే రాశారు, మొదటి పేరా కిందనే, ఒక్క లైను. అక్టోబర్ 11న వచ్చిన 31 జిల్లాల జాబితాలో జనగామ ఉంది. అది మా కాగితం వల్ల వచ్చిందని నేను ‘క్లెయిమ్’ చేయను, వేలమంది చేసిన పని అది. ఆ చిత్తు ప్రతి జిరాక్సు నా దగ్గర ఉంది. జిరాక్సు కాబట్టి సారు పెట్టిన ఎర్రగీతలన్నీ నల్లగా వచ్చాయి. ‘డిమాండ్’ నాలుగింటిలో మూడు కొట్టేసి ఉన్నాయి. ఒకటి ఉంచారు.